నల్లా బసవయ్య నోటి లీకు

లాల్‌దర్వాజా వెనక గల్లీలకు సూర్యుడు రోజూ వస్తాడు. నల్లా మాత్రం రోజు విడిచి రోజు వస్తుంది. ఇద్దరిలో జనం ఎవరికి ఎక్కువ మర్యాద ఇస్తారో వేరే చెప్పనక్కర్లేదు. సూర్యుడి కోసం నాలుగున్నరకే లేచి, బిందెలూ బకెట్లూ వరస పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు ఆ పేటలో ఇంతవరకు లేదు.

ఆ నల్లాను తెచ్చేవాడు బసవయ్య. భగీరథుడు గంగను ఒకేసారి తెచ్చి, ఆ పేరుతో యుగాలు వెళ్లదీశాడు. బసవయ్య ఇరవై ఆరేళ్లుగా తెస్తూనే ఉన్నాడు. నీళ్ల ఆఫీసులో అతని హోదా లైన్‌మన్. రోడ్డు కింది గుంతల్లో ఉండే వాల్వులను వేళకు తెరవడం, వేళకు మూయడం అతని పని. అందుకు నడుమెత్తు పొడవున, పైన అడ్డకమ్మీ ఉన్న ఒక ఇనుప చావీ ఉంటుంది. గుడి వెనక వాల్వుకు పదకొండు చుట్లు, పాలవాళ్ల గల్లీ మొదట్లోదానికి పధ్నాలుగు, పైగల్లీ వాల్వుకు తొమ్మిదిన్నర. ఆ అర చుట్టు మరిచిపోతే పైగల్లీ చివరి నాలుగిళ్లకు నీళ్లు సరిగా ఎక్కవు. ఈ లెక్కలు ఏ కాగితంలోనూ లేవు. బసవయ్య మోచేతుల్లో ఉన్నాయి.

మనిషి యాభై ఆరేళ్లవాడు. మెడ పొట్టి, మీసం పొడవు, నవ్వు ఉదారం. ఎడమ బుగ్గలో ముప్పై ఏళ్లుగా ఒక వక్క పలుకు కాపురం ఉంటోంది. పలుకు మారుతుందిగాని కాపురం మారదు. అది అక్కడ ఉన్నట్టు చూసేవాళ్లకు తెలియదు. కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు వెతికే పెద్దమనుషుల్లాగా అతనికీ తెలియదు.

అతని గురక పేటలో అందరికీ తెలుసు. దాని గురించి భార్య కళావతి ఒక్కనాడూ ఫిర్యాదు చేయలేదు. గురక సాగినంతసేపు ఆమె హాయిగా నిద్రపోయేది. అది ఆగినప్పుడే లేచి కూర్చునేది. ఎందుకంటే గురకతోపాటు ఊపిరీ ఆగేది. ఆమె మోచేత్తో ఒక పోటు పొడిస్తే బసవయ్య బావిలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి గాలి పీల్చుకుని, మళ్లీ గురక అందుకునేవాడు. ఇరవై ఏళ్ల సంసారంలో ఆమె పొడిచిన పోట్లకు లెక్క లేదు. వాటివల్లనే తాను బతికి ఉన్నానని అతనికి చాలాకాలం తెలియదు. కళావతి చెయ్యి దురుసు అని మాత్రమే అనుకునేవాడు.

అలా తెల్లవార్లూ పడుకుని కూడా నిద్రపోని మనిషికి పగలు ఏమవుతుంది? పగలంతా నిద్రవుతుంది. ఒకసారి మాదన్నపేట మార్కెట్లో టమాటాలు ఏరుతూ నిలబడ్డచోటనే నిద్రపోయాడు. అమ్మేవాడు కాసేపు చూసి, పక్కన కొత్తిమీర బేరం చేస్తున్న కళావతిని పిలిచాడు. "అక్కా, భాయ్‌కు ఆ టమాటా మస్తు నచ్చినట్టుంది. ఇడుస్తలేడు."

ఇంతవరకు నవ్వులాటే. అసలు సంగతి బోనాల ఆదివారం నాడు జరిగింది.

ఆ వేకువన బసవయ్య కింది గల్లీ వాల్వు తెరిచి, గుంత గట్టు మీద కూర్చున్నాడు. ఐదూ ఇరవైకి దాన్ని మూసి పైగల్లీ వాల్వు తిప్పాలి. కూర్చున్నవాడు చావీని భుజాన ఆనించుకుని నిద్రపోయాడు. కింది గల్లీకి ఏడింటిదాకా నీళ్లు వస్తూనే ఉన్నాయి. వాళ్లు బిందెలు నింపుకున్నారు, డ్రమ్ములు నింపుకున్నారు, ఆటోలు కడిగారు, బర్రెలను కడిగారు, ఇక కడగడానికి ఏమీ దొరక్క రోడ్డు కడిగారు. పైగల్లీలో ఆడవాళ్లు కొత్త కుండలకు పసుపు పూసి, బియ్యం చాటలో పోసుకుని, చుక్క నీరు లేక నల్లాల వంక చూస్తూ నిలబడ్డారు. చివరకు కింది గల్లీ నుంచి బిందెలు మోసుకొచ్చి బోనం వండేసరికి ఎండెక్కింది. గుడిలో అమ్మవారికి ఆనాడు పైగల్లీవాళ్లు మొక్కులకంటే ముందు ఈ విషయమే చెప్పుకున్నారని వినికిడి.

అది ఆ ఏడాది మూడోసారి. మర్నాడు ఆఫీసులో ఇంజనీరు ప్రకాశం సారు బసవయ్యను పిలిచాడు. ఆయన అరిచే మనిషి కాదు. అదే అందరికీ భయం.

"బసవయ్యా, చావీ ఇక్కడ పెట్టు."

బసవయ్య టేబుల్ మీద పెట్టాడు. అది బరువుకు ఠంగుమంది.

"ఇన్నేండ్ల సర్వీసు నీది. మందు తాగవు, ఎవరితోని లొల్లి లేదు. మరి గీ నిద్రేంది?"

"తెలుస్తలేదు సార్. పండుకుంటున్న. కనీ పండుకున్నట్టనిపిస్తలేదు."

"డాక్టర్‌కు చూపించుకో. నువ్వు మెలకువగ ఉండగలవని డాక్టర్ రాసిస్తే దసరా లోపల నీ చావీ నీకు. లేదంటే కొత్తోనికి ఇస్త. నువ్వు రిటైరయ్యేదాక కంప్లైంట్ల టేబుల్ కాడ ఫోన్లు ఎత్తుకుంట కూసో."

అప్పటికి చావీ కృపాకర్ చేతికి వచ్చింది. కృపాకర్ బసవయ్యకు పదిహేనేళ్లుగా తోడు పనివాడు. పైపులు తవ్వడంలో, అతకడంలో దిట్ట. వాల్వుల లెక్క మాత్రం అతని తలకెక్కదు. వారం తిరగకముందే వచ్చి మొరపెట్టుకున్నాడు. "అన్నా, నాకీ చావీ వద్దన్నా. ఆదివారం చర్చిల ఫాదర్ ఆశీర్వాదం ఇస్తడు, సోమవారం పొద్దుగాల పైగల్లోళ్లు తిట్టి మొత్తం వాపస్ తీసుకుంటున్నరు. తొమ్మిదిన్నర చుట్లంటివి గద, ఆ సగం ఏడికెళ్లి మొదలైతదన్నా?"

బసవయ్య కంప్లైంట్ల టేబుల్ దగ్గర ఫోను చెవికి ఆనించుకుని నిద్రపోయేవాడు. మధ్యలో ఒక్క మాట అడ్డురాకుండా, పావుగంటసేపు తమ గోడు అంత ఓపికగా విన్న ఉద్యోగిని ఆ ప్రాంతపు పౌరులు అదివరకు ఎరగరు. ఒకాయన మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశాడు. ప్రకాశం సారు ఆ ఉత్తరం చదివి సొరుగులో పెట్టాడు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ ఆశ్రిత ఒక రాత్రంతా బసవయ్య ఒంటికి తీగలు తగిలించి పడుకోబెట్టి పరీక్ష చేసింది. పిల్ల చిన్నదే గాని మాట స్థిరం.

"బసవయ్యగారూ, నిద్రలో మీ గొంతు కండరాలు వదులై, గాలి దారి మూసుకుపోతోంది. గంటకు నలభై ఒక్కసార్లు మీ ఊపిరి ఆగుతోంది."

"మళ్ల వస్తుంది గద మేడం?"

"వస్తోంది కాబట్టే మాట్లాడుకుంటున్నాం."

పక్కన కూర్చున్న కళావతి అప్పుడు మెల్లగా అంది. "అన్ని సార్లా మేడం? నేను పొడిచేది గంటకు ఐదారు సార్లే ఉంటది." డాక్టరు ఆమె వంక కాసేపు చూసి, "మీరు చేయగలిగిందంతా చేశారమ్మా. మిగతా ముప్పై అయిదు ఇక మెషిన్ చూసుకుంటుంది" అంది. బసవయ్య తలవంచుకుని తన పక్కటెముకలు తడుముకున్నాడు. ఆ పోట్లు ఏమిటో అతనికి ఆ క్షణాన తెలిసింది.

ఉద్యోగుల ఆరోగ్య కార్డు మీద సీప్యాప్ మెషిన్ ఇంటికి వచ్చింది. టిఫిన్ డబ్బా అంత పెట్టె. దాన్నుంచి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తొడిగే మాస్కు. పెట్టె గాలిని నెమ్మదిగా ముక్కులోకి తోస్తూ ఉంటే, ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోకుండా ఉంటుంది. ఏర్పాటులో ఏ లోపమూ లేదు. లోపం బసవయ్య నోట్లో ఉంది. నిద్ర పట్టగానే అతని నోరు ధర్మసత్రం తలుపులా తెరుచుకునేది. ముక్కులోంచి వచ్చిన గాలి గొంతుదాకా వెళ్లి, అక్కడ పని చేయకుండా నోటి దారిన బయటికి పోయేది. తెల్లవారేసరికి నాలుక ఎండు అప్పడం. మెషిన్ తెరమీద రోజూ ఒకే మాట: లీకు.

ఇరవై ఆరేళ్లుగా ఇతరుల లీకులు మూసిన మనిషికి ఇది గొప్ప అవమానం. అతను నట్టు బిగించినట్టు మాస్కు పట్టీలను బిగించాడు. చెంపల మీద వాతలు తేలాయిగాని లీకు తగ్గలేదు. డాక్టరు మెషిన్ లెక్కలు చూసి, బిగించాల్సింది మాస్కును కాదని, తెరుచుకుంటున్నది నోరని చెప్పింది. ముక్కూ నోరూ రెండూ కప్పే పెద్ద మాస్కు వేసి చూసింది. పది నిమిషాల్లో బసవయ్య మునిగిపోతున్నవాడిలా దాన్ని పీకేశాడు. పైగా మీసం సందుల్లోంచి గాలి పోయింది.

"మీసం తీసేస్తే సరిగా కూర్చుంటుందేమో."

"నా పెండ్లప్పుడే తీయలే మేడం."

కళావతి తలూపి సాక్ష్యం చెప్పింది. అప్పుడు డాక్టరు గడ్డం కింద నుంచి నెత్తిమీదికి కట్టుకునే ఒక తెల్ల పట్టీ ఇచ్చి, ముందు పగటిపూట మెషిన్ లేకుండా కట్టుకుని అలవాటు చేసుకోమంది. ఆమె చదివిన వైద్యశాస్త్రంలో అంతా సరిగానే ఉంది. మన పేటలో మనిషి దవడను గడ్డం కింద నుంచి నెత్తిదాకా తెల్లగుడ్డతో ఎప్పుడు కడతారో మాత్రం అందులో లేదు.

మర్నాడు సెలవు పెట్టి, మధ్యాహ్నం భోంచేసి, పట్టీ కట్టుకుని, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని బసవయ్య మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. కళావతి కిరాణా దుకాణానికి వెళ్లింది. తలుపు తీసే ఉంది. పైగల్లీ చివరి ఇంట్లో ఉండే లలితమ్మ పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. లోపలికి తొంగిచూసింది. సరిగ్గా ఆ సమయానికి బసవయ్య ఊపిరి, గంటకు నలభై ఒక్కసార్లు తీసుకునే విరామాల్లో ఒకటి తీసుకుంటోంది.

గిన్నె నేల మీద పడింది.

"అయ్యో బసవన్నా! గిట్ల జేస్తివేందే అన్నా! మొన్ననే గద నిన్ను తిట్టిన, గా తిట్లు నా నోట్లనే ఉండంగ పోతివా అన్నా! ఇగ మాకు నల్లా ఇడిచేటోడు ఎవరే!"

ఆ గల్లీలో నీళ్లకు రెండు రోజులు పడుతుందిగాని వార్తకు రెండు నిమిషాలు చాలు. ముందు గదిలో పదిమంది, గుమ్మంలో ఇరవై మంది. ఎవరో అగరొత్తులు తెచ్చారు. ఎవరో ఆఫీసుకు ఫోన్ చేశారు. కంప్లైంట్ల టేబుల్ దగ్గర ఎత్తేవాడు లేక ఆ ఫోను మోగి మోగి ఊరుకుంది. ఇంకెవరో కృపాకర్‌కు చేశారు. అతను పైపులకు రబ్బరు వాషర్లు కొనడానికి అఫ్జల్‌గంజ్‌లో ఉన్నాడు. వాషర్లు అక్కడే వదిలేసి, ఏడుస్తూనే దారిలో ఒక బంతిపూల దండ కొని, ఆటోలో దిగాడు.

ఈ గోలకు బసవయ్యకు మెలకువ వచ్చింది. లేచి కూర్చుని, పట్టీ కిందికి లాగి, నిండిన గది వంక దిగులుగా చూశాడు.

"ఏమైందే? ఎవరు పోయిండ్రు?"

లలితమ్మ కెవ్వున అరిచి వెనక్కి పడబోతే నలుగురు పట్టుకున్నారు. దండతో లోపలికి అడుగుపెట్టిన కృపాకర్ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడే ఉప్పూ పప్పూ పట్టుకుని తిరిగొచ్చిన కళావతి గుంపును తోసుకుని వచ్చి, సంగతి తెలుసుకుని, మొగుడి నెత్తిమీది పట్టీని ఊడబీకింది. "ఇంకొక్కసారి ఇది కట్టినవంటే మెషిన్ నేను పెట్టుకుంట, నువ్వు గురక కొట్టుకో. తమ్మీ కృపాకర్, ఆ దండ అమ్మోరికేసి రా, ఇంట్ల ఉంచకు."

అందరూ వెళ్లాక బసవయ్య నేల మీద పడున్న లలితమ్మ గిన్నెను తీసి పక్కన పెట్టాడు. తర్వాత కృపాకర్‌తో అన్నాడు. "లలితమ్మ ఏడ్చింది చూసినవా? బోనాల నాడు నీళ్లు రాకుంట జేసినోనికి గట్ల ఏడ్చిందిరా. బతికుండి ఇనేటి అదృష్టం ఎవ్వనికుంటది? పైగల్లీ వాల్వు మళ్ల నా చేత్తోనే తిప్పాలె."

విషయం విని డాక్టర్ ఆశ్రిత నవ్వు ఆపుకోవడానికి రెండు నిమిషాలు కిటికీ వైపు తిరిగింది. తర్వాత ఒక చిన్న డబ్బా తీసింది. అందులో మెత్తటి మౌత్ గార్డు ఉంది. పెదవులకూ పళ్లకూ మధ్య, బుగ్గల లోపల అమరే కవచం అది. నిద్రలో దవడ జారినా పెదవుల వెనక ఇది గోడలా నిలబడి గాలిని నోటి దారిన పోనివ్వదు. ముందుగా ఆమె బసవయ్య ముక్కు రెండు వైపులా బాగా ఆడుతున్నదో లేదో చూసింది.

"నోరు మూయాలంటే ముక్కు తెరిచి ఉండాలి. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన రోజు ఇది పెట్టుకోవద్దు. కాగితంలో రాసినట్టు వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి, నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి లోపలికి పీల్చండి. మీ నోటి ఆకారం దానికి వచ్చేస్తుంది. ఇంకో మాట. పడుకునేటప్పుడు నోట్లో వక్క ఉండకూడదు. గొంతుకు అడ్డం పడుతుంది. అసలు మానేస్తేనే మంచిది."

ఈ చివరి వాక్యం ఆసుపత్రి గోడలదాకా వెళ్లిందిగాని బసవయ్య చెవిదాకా రాలేదు. పడుకునేటప్పుడు వక్క వద్దన్న మాటను కళావతి పట్టుకుంది. ఆ రోజు నుంచి పడుకునే ముందు ఆమె ఒక స్టీలు గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడేది. బసవయ్య వక్క పలుకును అందులోకి సమర్పించుకునేవాడు.

గార్డు కార్యక్రమం ఆ సాయంత్రం చాయ్ వేళ జరిగింది. కళావతి కాగితం చదివింది. చాయ్ గిన్నెను మూడుసార్లు కడిగి నీళ్లు కాచింది. పెద్దగా అంకెలు లెక్కపెడుతూ గార్డును ముంచి తీసింది. బసవయ్య దాన్ని నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, కళ్లు మూసుకుని, తపస్సు చేసుకునేవాడిలా లోపలికి పీల్చాడు. చల్లారాక చూస్తే అద్భుతంగా అమరింది. వేలితో లాగినా కదల్లేదు. అతను దాన్ని పెట్టుకునే గల్లీ చివరిదాకా వెళ్లి, నలుగురికి చూపించి వచ్చాడు.

ఆ రాత్రి అది ఈల వేసింది.

గట్టిగా కాదు. సన్నగా, తీరుబడిగా, పెళ్లిలో పని లేని మేనమామలా. కళావతి లేచి కూర్చుంది. "ఇన్నొద్దులు గురక ఆగితె లేస్తుంటి, ఇప్పుడు ఈల మొదలైతె లేస్తున్న. ఏం సంసారమయ్యా ఇది!" తెరమీద లీకు తగ్గిందిగాని పోలేదు. గాలి ఇంకా ఎటో జారుకుంటోంది. పగలు కళ్లు ఇంకా మూతలు పడుతున్నాయి.

వారం రోజుల ఈల తరువాత డాక్టరు గార్డు తెచ్చి చూపించమంది. బసవయ్య ఆసుపత్రి వరండాలోనే దాన్ని పెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆమె అన్ని వైపులా నొక్కి చూసింది. ఎక్కడా సందు లేదు. "ఇంత చక్కగా కూర్చుందే!" అంది. నిజమే, పగలు అది కూర్చునేది. రాత్రయితే లేచేది. దేవుడు పగటికొక నోరు, రాత్రికొక నోరు ఇచ్చాడా అని బసవయ్య దారంతా ఆలోచించాడు.

దసరాకు పద్దెనిమిది రోజులుంది. ఉత్తరం రాయాలంటే వరసగా పధ్నాలుగు రోజుల మంచి రిపోర్టు కావాలని డాక్టరు చెప్పింది. ఆ ఆదివారం కృపాకర్ చర్చి నుంచి సరాసరి వచ్చాడు. భుజాన ఇనుప రాడ్డు ఉంది. భూమిలో పైపు ఎక్కడ కారుతోందో తెలియనప్పుడు నీళ్లవాళ్లు రోడ్డు మీద రాడ్డు నిలబెట్టి, పైకొనకు చెవి ఆనించి వింటారు. కారే చోట రాడ్డు బుసకొడుతుంది.

"అన్నా, మనం ఎన్ని లీకులు పట్టినం? చార్మినార్ దిక్కు పైపు పగిలితె ఇంజనీర్లు నాలుగు గుంతలు తవ్విండ్రు, నువ్వు రాడ్డు పెట్టి ఐదు నిమిషాలల్ల చెప్తివి. నీ మూతిలది పట్టలేమా?"

కళావతి ఆ రాడ్డును చింతపండుతో తోమి, కొసకు మెత్తటి గుడ్డ చుట్టింది. బసవయ్య వక్కను గిన్నెలో వేసి, గార్డు పెట్టుకుని, మాస్కు తొడుక్కుని, మెషిన్ ఆన్ చేసి, మిట్టమధ్యాహ్నం మంచం మీద పడుకున్నాడు. నిద్ర పట్టడానికి అతనికి ఎప్పుడూ ఎక్కువసేపు పట్టదు. నిముషంలో దవడ జారింది. ఈల మొదలైంది.

కృపాకర్ ఊపిరి బిగపట్టి రాడ్డు కొసను కుడి చెంప మీద ఆనించాడు. విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. పై పెదవి. లేదు. గడ్డం. లేదు. ఎడమ చెంప కింది భాగం దగ్గరికి రాగానే అతని కళ్లు పెద్దవయ్యాయి.

"వదినా! ఉంది! ఈడ్నే! బుస్సుమంటున్నది!"

కళావతి కూడా చెవి పెట్టి వింది. తర్వాత మొగుణ్ణి లేపి, గార్డు కడిగి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. ఎడమ వైపు లోపల, కింది పళ్ల పక్కన, ఒక గుంట ఉంది. ఉంగరంలో రాయి పొదిగే గూడులాగా, గుండ్రంగా, నీటుగా.

"ఇదేందయ్యా? నీ బుగ్గల ఈడ ఏముంటది?"

"ఏముంటది, ఏముండదు."

"నోరు తెరువు. ఏం లేదే. మరి ఈడ గింత బొక్క ఎందుకున్నది?"

ముగ్గురి చూపులూ ఒకదాని తరువాత ఒకటి మంచం పక్కనున్న స్టీలు గిన్నె మీదికి వెళ్లాయి. అందులో వక్క పలుకు ఏ పాపమూ ఎరగనట్టు పడి ఉంది. కళావతి దాన్ని తీసి గార్డు గుంటలో పెట్టింది. అది టక్కున కూర్చుంది.

ముందు నవ్వింది కృపాకర్. "వదినా, అన్న ముప్పై రెండు పండ్లకు కొలత తీసుకోమంటే ముప్పై మూడోదానికి గూడ తీసిండు!"

"చాయ్ యాళ్లకు వక్క నోట్లనే పెట్టుకోని పీల్చినవా?" అంది కళావతి.

"నాకేం ఎరుక? అది ఉన్నట్టు నాకు యాదికుంటదా?"

సంగతి ఇప్పుడు తేటతెల్లం. పగలు వక్క ఇంట్లో ఉంటుంది కాబట్టి గార్డు అతికినట్టు ఉంటుంది. రాత్రి వక్కను గిన్నెలోకి పంపేస్తే, దాని ఖాళీ గదిలోంచి గాలి రాకపోకలు సాగిస్తుంది. బసవయ్య గడ్డం గోక్కుని, ఆశగా ఒక ప్రతిపాదన చేశాడు. "అయితె వక్క పెట్టుకోనే పండుకుంట. లీకు బంద్."

"పండుకో. అది గొంతుకు అడ్డం పడితె లలితమ్మ మళ్ల వస్తది. ఈసారి మంచిగనే ఏడుస్తది, ఫికర్ జెయ్యకు."

ప్రతిపాదన వీగిపోయింది.

గార్డును ఇంకొక్కసారి మెత్తబరచవచ్చని కాగితంలోనే ఉంది. ఒక్కసారే. కళావతి డాక్టరుకు ఫోన్ చేసి మరీ అడిగింది. వక్క కథ విన్నాక, "నేనే నోట్లో చూడాల్సింది అమ్మా. తప్పు నాది కూడా. చేయండి" అని వినిపించింది. తప్పులో తన వాటా తానే అడిగి తీసుకునే డాక్టరు దొరకడం ఎంత భాగ్యమో బసవయ్య ఈనాటికీ చెబుతాడు.

ఈసారి ఏర్పాట్లు కట్టుదిట్టం. బసవయ్య నాలుగుసార్లు పుక్కిలించాడు. కళావతి ఫోను లైటు వేసి, సరిహద్దు దగ్గర లారీ తనిఖీ చేసినట్టు బుగ్గలు రెండూ, నాలుక కిందా చూసింది. కృపాకర్ రెండో సాక్షి. అంకెలు లెక్కపెట్టడం, ముంచడం, పీల్చడం. చల్లారాక గుంట పోయింది. ఎడమ వైపు నున్నగా వచ్చింది.

ఆ రాత్రి ఇంట్లో గురక లేదు, ఈల లేదు. మెషిన్ చిన్నగా ఊపిరి తీస్తున్న చప్పుడు ఒక్కటే. చప్పుడు లేకపోవడం అలవాటు లేక కళావతి రెండుసార్లు లేచి, మొగుడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మూడోసారి లేవలేదు. ఇద్దరూ కలిసి నిద్రపోయిన రాత్రి అదే మొదటిదేమో అని మర్నాడు తానే అంది. ఆ రోజు బసవయ్య గార్డును తానే బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, డబ్బాలో పెట్టి, ఆమె చాయ్ కూడా తనే చేశాడు. చాయ్ బాగాలేదు. ఆమె తాగింది.

పధ్నాలుగు రోజులు. రోజూ పొద్దున లేవగానే తెర చూసుకోవడం, కృపాకర్‌కు ఫోన్ చేసి ఫలితం చెప్పడం. మూడో రోజుకు నాలుక తడిగా ఉంది. ఐదో రోజు మార్కెట్‌కు వెళ్లి టమాటాలు ఏరి, మెలకువతోనే బేరం కూడా చేశాడు. పదో రోజుకు వక్క సగానికి తగ్గింది. పూర్తిగా మానేశాడని చెబితే కథకు అందం వస్తుందిగాని కళావతి ఒప్పుకోదు.

డాక్టరు ఆశ్రిత రిపోర్టు చూసింది. గంటకు నలభై ఒకటి కాస్తా మూడయింది. లీకు హద్దులో ఉంది. ఉత్తరం రాసి, కింద సంతకం పెట్టి, "చావీ రాగానే నాకు ఫోన్ చేయండి" అంది.

ప్రకాశం సారు ఉత్తరం రెండుసార్లు చదివాడు. కాగితాన్ని నమ్మే మనిషేగాని పూర్తిగా నమ్మే మనిషి కాదు. ఆ మధ్యాహ్నం భోజనాల తరువాత మీటర్ల లెక్కల మీద రెండు గంటల మీటింగు ఉంది. బసవయ్యను మొదటి వరసలో కూర్చోమన్నాడు. మీటింగు ముగిసేసరికి ఆ హాల్లో ప్రకాశం సారు కాక మెలకువగా ఉన్నది ఇద్దరే: బసవయ్య, తలమీద తిరిగే ఫ్యాను. మాట్లాడుతున్న ఆయన కూడా చివర్లో ఒక అంకె దగ్గర కునుకులోకి జారి కాసేపు తిరిగి రాలేదు.

ప్రకాశం సారు బీరువా తెరిచి, ఆ పొద్దున కృపాకర్ దగ్గర తీసుకుని పెట్టిన చావీ తీశాడు. "తీసుకో బసవయ్యా. దసరాకు ఇంక రెండు రోజులుంది. నేను గూడ దినాలు లెక్కపెట్టుకుంటనే ఉన్న."

"సార్, మీరు కొత్తోనికి ఇయ్యలే."

"ఎవనికిస్తనయ్యా? ఆ సగం చుట్టు ఏడికెళ్లి మొదలైతదో నాకు మాత్రం ఎరుకనా?"

బసవయ్య చావీని రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకున్నాడు.

దసరా నాటి వేకువన అతను కింది గల్లీ వాల్వు తెరిచాడు. గట్టు మీద కూర్చోలేదు, నిలబడ్డాడు. కృపాకర్ పక్కన ఉన్నాడు. రావాల్సిన పని లేకపోయినా వచ్చాడు. ఐదూ ఇరవైకి కింది గల్లీ నుంచి ఒక గొంతు వినిపించింది. "అన్నా, పండుగ గద, ఇంకో పది నిమిషాలు ఉండనియ్యరాదే!"

"పైనోళ్లకు గూడ పండుగనే తల్లీ" అని బసవయ్య మూసేశాడు.

పైగల్లీ వాల్వుకు తొమ్మిది చుట్లు తిప్పాడు. మోచేతులు మరిచిపోలేదు, మిగిలిన అర చుట్టు దగ్గర కావాలనే ఆగాయి. ముందు నల్లాల్లోంచి గాలి బుసకొట్టింది, తర్వాత నీళ్లు దూకాయి. ఇళ్లలో ఇత్తడి బిందె ఒక రకంగా, స్టీలుది ఒక రకంగా, ప్లాస్టిక్‌ది ఇంకో రకంగా మోగడం మొదలైంది. బసవయ్య ఆ మోతలను ఒక్కొక్కటిగా వింటూ నిలబడ్డాడు.

"ఇగ పోదామా అన్నా?" అన్నాడు కృపాకర్.

"ఉండు."

గల్లీ చివర నుంచి లలితమ్మ కేక వినబడింది. "ఓ బసవన్నా! సన్నగ వస్తుంది!"

"వస్తది వస్తది!" అని బసవయ్య అరిచి, చావీ మీదికి వంగి, ఇంకో అర చుట్టు తిప్పాడు.